ఫైలుకో కఫీల్

టేపు తిరుగుతోంది. తిరగనీ, దానికి అంతకన్నా పనేముంది, ఈ శుక్రవారం మధ్యాహ్నం సత్యప్రసాద్‌కి మాత్రం దాని ముందు కూర్చోవడం కన్నా పనేముంది గనక. గల్ఫు ద్వీపంలో హిద్ అనే చోట ఉన్న ఆ ఓడల మరమ్మతు కంపెనీ ఆఫీసు మేడంతా ఖాళీ. జుమ్మా నమాజు అయిపోయి కార్లు ఒక్కటొక్కటే వెళ్ళిపోయాక మిగిలింది ఏసీ రొద, టేపు డ్రైవు గొణుగుడు. గిర్రున తిరుగుతుంది, ఆగుతుంది, కాస్త వెనక్కి పోయి మళ్ళీ ముందుకొస్తుంది, గుమ్మం దాకా వెళ్ళి ఏదో మర్చిపోయానని ఇంట్లోకి వచ్చే మనిషిలా. గణపతి అచ్చం ఇలాగే. ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో వాళ్ళిద్దరూ కలిసి ఉండే గదికి తాళం వేశాక కూడా రెండుసార్లు వెనక్కి వచ్చేవాడు, ఒకసారి గ్యాసు కట్టేశానా లేదా అని, ఒకసారి ఊరికే. ఊరికే ఎందుకండీ అంటే, ఏమో అబ్బాయ్, తిరిగి చూసుకుంటే మనసు నిమ్మళంగా ఉంటాది అనేవాడు. ఇప్పుడీ టేపులో వెతుకుతున్నది కూడా గణపతినే, అంటే గణపతి కంప్యూటర్లో గీసి దాచిన డ్రాయింగుల్ని. మొదటి టేపులో లేవు. రెండో దాంట్లోనూ లేవు. ఇది మూడోది, ఆఖరిది, ఫైళ్ళన్నిటికీ నకలు తీసి దాచే నెలవారీ టేపు, మేనేజరు ఇనప బీరువాలోంచి తీయించింది. ఇందులో లేకపోతే ఇక ఎక్కడా లేనట్టే.

లేనట్టే అంటే గణపతి ఉద్యోగం లేనట్టే. నిన్న గురువారం సాయంత్రం మేనేజరు మొహం ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఆదివారం ఓ పాత ఓడ మరమ్మతుకి వస్తోంది, దాని పొట్టలోని పైపులన్నీ గణపతి కిందటేడు పాక్కుంటూ వెళ్ళి కొలతలు తీసి గీశాడు, ఆ డ్రాయింగులు కావాలి. చూస్తే గణపతి ఫోల్డరు నున్నగా ఖాళీగా ఉంది. గణపతి సెలవు మీద కాకినాడలో ఉన్నాడు. మేనేజరుకి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. గీయకుండానే గీశానన్నాడో, పోతూ పోతూ తుడిపేసి పోయాడో, ఏదైతేనేం, శనివారం పొద్దున్నకి నా బల్ల మీద లేకపోతే గణపతి వీసా కేన్సిల్, ఖలాస్, అన్నాడు. ఖలాస్ అన్నప్పుడు రెండు చేతులూ దులిపాడు, రొట్టె తిన్నాక పిండి దులుపుకున్నట్టు. సత్యప్రసాద్ చూస్తాను సార్ అన్నాడు. ఆ డ్రాయింగుల్ని గణపతి తుడపలేదనీ, తుడిపింది తను రాసిన ప్రోగ్రామేననీ ఫోల్డరు ఖాళీగా కనబడగానే అర్థమైపోయింది. ఈ టేపులో దొరక్కపోతే రేపు ఆ మాట చెప్పెయ్యాలి, చెబితే గణపతికి బదులు తను ఖలాస్. ఆ సంగతీ ఆలోచించాడు. వింతేమిటంటే అందులో పెద్ద భయమేం కనబడలేదు. తనని పంపేస్తే ఎక్కడికి పంపుతారు అనేదే తోచలేదు, ఎక్కడికో ఒక టికెట్ కొంటారు కదా, దాని మీద ఏదో ఒక ఊరి పేరు ఉండాలి కదా. ఆ ఊరు ఏదై ఉంటుందా అని కాసేపు ఊరికే ఆలోచిస్తూ కూర్చున్నాడు.

ఆ ప్రోగ్రాం అంటే ఆఫీసులో అందరికీ హడలు. మునిసిపాలిటీ బండి అని దానికి పేరు పెట్టింది గణపతే. రెండేళ్ళ కిందట డిస్కులు నిండిపోయి, కొత్తవి కొనమంటే మేనేజరు, ముందు ఉన్న చెత్త ఊడ్చండి అంటే, సత్యప్రసాద్ వారం రోజులు కూర్చుని రాశాడు. రెండు నెలల పాటు ఎవరూ తెరవని ఫైలు ఎవరికీ అక్కర్లేని ఫైలు. మొదట దానికి తలుపు మూసేస్తుంది, అంటే ఎవరూ తెరవకుండా ఆపేస్తుంది, ఇంకో వారం ఎవరూ వచ్చి గోల చెయ్యకపోతే తుడిచేస్తుంది. రాసినప్పుడు ఎంత మురిసిపోయాడో. అందులో దయా లేదు, దాక్షిణ్యం లేదు, పొరపాటుకి చోటే లేదు అనుకున్నాడు. అకౌంట్స్‌లో ఉన్న కేరళ ఆయన సెలవునించి తిరిగొచ్చి తన ఫైళ్ళు కనబడక, నేనే ఏదో నొక్కేసి ఉంటానని తనను తానే తిట్టుకుంటుంటే, కాదండీ ఇది నా ప్రోగ్రాం పని అని చెప్పి ఉండొచ్చు, అప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే అప్పటికి అది నిజంగానే తప్పని అతనికి తోచలేదు. గల్ఫుకొచ్చిన ప్రతివాడూ రెండేళ్ళు గొడ్డులా పనిచేసి రెండు నెలల పైచిలుకు సెలవు కూడబెట్టుకుని ఇంటికి పోతాడు. వీధిలో బూట్లు కుట్టేవాడిని అడిగినా చెబుతాడు ఆ మాట. ఆ ప్రోగ్రాం రాసిన మనిషికి మాత్రం అది గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి సెలవు పెట్టనివాడికి సెలవంటే ఎలా గుర్తుంటుంది, పాపం, మనిషన్నవాడు రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటాడని మనవాడి లెక్క.

గిర్ర్. ఆగింది. మళ్ళీ తిరిగింది. తెర మీద ఫైళ్ళ పేర్లు కిందనించి పైకి పాకుతున్నాయి, గణపతివి కావు, ఎవరెవరివో, పెయింటు డబ్బాల ఆర్డర్లు, పనివాళ్ళ క్యాంపు మెస్సులో బియ్యం ఉల్లిపాయల లెక్కలు. గణపతి ఊరికి బయల్దేరే ముందు సాయంత్రం గదిలో ఉల్లిపాయల బస్తా కట్టే తాళ్ళతో అట్టపెట్టెలు కట్టాడు. ఊరికి పోయేవాడి దగ్గరికి ఊరివాళ్ళంతా వస్తారు కదా, ఒకళ్ళు టార్చిలైటు, ఒకళ్ళు సెంటు సీసా, ఒకళ్ళు చీర, ఇంట్లో వాళ్ళకివ్వమని తెచ్చి పడేసి పోతారు. జిదాఫ్స్ బజారులో కొన్న దుప్పట్లు రెండు, కొబ్బరినూనె మన దగ్గర దొరకనట్టు రెండు సీసాలు. స్ప్రింగు త్రాసుకి వేలాడదీసి తూచడం, బరువెక్కువైతే ఎవరిది తీసెయ్యాలో తెలియక తనది తీసెయ్యడం. చివరికి గణపతి పెట్టెలో గణపతి సామాను ఒక లుంగీ మాత్రం మిగిలింది. పెట్టెకి తాళం వేసి, తాళం లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, అప్పుడన్నాడు.

“ప్రసాదూ, నా డ్రాయింగులకి కూడా ఓ తాళం ఏసెయ్యకూడదా? నేనొచ్చేలోగా ఎవడో ఒకడు తెరిచి, గీతలన్నీ పీకి పాకం పెడతాడు. నా వెనకాల ఎవరూ ముట్టుకోకుండా చూడు.”

“ఎవరూ ముట్టుకోరండీ.”

“నీకు తెలీదులే. క్యాంపులో సబ్బు వదిలేసి స్నానానికెళ్ళిరా, తిరిగొచ్చేసరికి నురగ కూడా ఉండదు. ఏసెయ్యి, ఆయ్.”

సరే అన్నాడు. ఆ రాత్రే ఆఫీసుకొచ్చి ఎవరూ తెరవకుండా తాళం వేశాడు, అభిమానంతో వేశాడు, ఇంకెవరికీ అలాంటి ఉపకారం చేసి ఎరగడు. ఎవరూ తెరవలేకపోయారు. ఎవరూ తెరవలేదు గనక ఎవరికీ అక్కర్లేదని తేల్చి ప్రోగ్రాం తుడిచేసింది. తాళం వేసిందీ తనే, తాళం ఉన్న తలుపుని చూసి లోపల ఎవరూ లేరనుకునే బుర్రని తయారు చేసిందీ తనే, ఒక చేత్తో దాచి ఇంకో చేత్తో ఊడ్చాడు, అదీ మనవాడి ఇంజనీరింగు. నిన్నటినించీ దీని గురించి తనమీద తనకి కోపం రావాల్సింది, కోపం రాలేదు. దిగులే వచ్చింది.

దిగులు డ్రాయింగుల గురించి కాదు, ఒప్పుకోవాలి. గణపతి రాకపోతే ఎలా అని. ఎవరైనా వింటే నవ్వుతారు, నలభై దగ్గరికొస్తున్న మగాడు ఇంకో మగాడి గురకకోసం బెంగపెట్టుకున్నాడంటే. కానీ ఆ గదిలో గణపతి లేని ఈ రెండున్నర నెలలూ ఎలా గడిచాయో గోడలకి తెలుసు. గణపతి ఉంటే పొద్దున్నే పాత పేపరు, నెల కిందటిది, ఎవరో ఊరినించి ఊరగాయ సీసాకి చుట్టి తెచ్చింది, అదే పైకి చదివేవాడు, ఇవాళే జరిగినట్టు ఆశ్చర్యపోతూ. శుక్రవారం చేపల మార్కెట్టుకి పోయి ప్రతి చేపకీ కాకినాడ చుట్టరికం కలిపేవాడు, ఇది మన పండుగప్పకి మేనల్లుడు అబ్బాయ్, ఇదిగో ఇది కొరమేనికి దూరపు బంధువు అని. వేపుడు మాడేది, పొగకి కళ్ళు మండేవి, కిటికీ తీస్తే వేడిగాలి మొహం మీద కొట్టేది, ఇద్దరూ దగ్గుతూ తినేవారు. బాత్రూంలో ఆలస్యమైతే తలుపు బాదేవాడు. తలుపు బాదేవాడు లేకపోతే స్నానం ఎంత సేపైనా చెయ్యొచ్చు కదా, హాయి కదా, అలా అనుకుని మొదటి వారం ఓ గంట నీళ్ళ కింద నిలబడ్డాడు. ఆ తర్వాత రెండు చెంబులు పోసుకుని వచ్చేస్తున్నాడు. మాట్లాడ్డం మానేసి రోజులైందని ఓ రోజు ఆఫీసులో ఫోనెత్తి హలో అంటే గొంతు కీచుమన్నప్పుడు తెలిసింది. గణపతి రావాలి. అంతే. డ్రాయింగులు దొరకాలి, గణపతి రావాలి, వచ్చి ఆ గదిలో మంచం మీద బోర్లా పడుకుని గురకపెట్టాలి.

గణపతి రాకముందు ఆ గదిలో సాయికుమారి ఉండేది. గది అనేవాడు కాదు అప్పుడు, ఇల్లు అనేవాడు. పెళ్ళయి తీసుకొచ్చాక ఏడాది పైన ఉంది. సాయంత్రం డాబా మీదికి పోయి దిగే విమానాలు చూసేది, ఇది బొంబాయినించి, ఇది కాదు అని పందెం వేసుకునేది, పందెం ఎవరితో, తనతో తనే. ఇవాళ ఆఫీసులో ఏం జరిగిందండీ అని రోజూ అడిగేది. ఏముంది అనేవాడు. నిజంగానే ఏమీ ఉండేది కాదు, కానీ ఆ ఏముందీ అన్నమాట తర్వాత తలుపు మూసిన చప్పుడు వినబడేదేమో ఆ పిల్లకి. మీరు ఇంట్లో ఉన్నా ఉన్నట్టుండదు అంది ఒకసారి, పప్పులో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా. చెల్లెలి సీమంతానికని వెళ్ళింది. విమానాశ్రయంలో, నేను చెయ్యను, మీరే ఫోను చెయ్యాలి అంది నవ్వుతూ. నవ్వుతూ అంది కదా అని హాస్యం అనుకున్నాడు. వెళ్ళాక ఆవిడ చెయ్యలేదు. తనతో పని లేకపోబట్టే చెయ్యలేదనుకున్నాడు. పని ఉంటే చేస్తుంది కదా. ఒక నెల చూశాడు, రెండు నెలలు చూశాడు, రోజూ ఫోను పక్కనే కూర్చుని చూశాడు, ఫోను ఎత్తి తిప్పడం మాత్రం తోచలేదు. ఆమె అక్కడ కూర్చుని ఇలాగే చూసి ఉంటుంది. తర్వాత విడాకుల కాగితాలు వచ్చాయి. ఎందుకు అని అడగకుండా సంతకం పెట్టి పంపాడు, గౌరవంగా ప్రవర్తించాననుకున్నాడు.

చెప్పుల చప్పుడు. టీ చేసే నర్సింలు. జగిత్యాల వైపు మనిషి, పదేళ్ళుగా ఈ ద్వీపంలో ఉంటూ దీన్ని దుబాయి అనే అంటాడు. శుక్రవారం కూడా వాచ్‌మన్‌తో పాటు మేడ చూసుకోవడం అతని ఓవర్‌టైం. గ్లాసు తెచ్చి కీబోర్డుకి దూరంగా పెట్టాడు, ఒకసారి ఒలకబోసి తిట్లు తిన్నాడు అందుకని.

“ఇయ్యాల సుట్టి గదా సారూ. నువ్వేంది ఈడ గూసున్నవ్? ఇంటికాడ పండరాదా?”

“పనుందయ్యా. గణపతిగారి ఫైళ్ళు పోయాయి. వెతుకుతున్నా.”

“అయ్యో. గణపతి సారు దుబాయిల లేడని చూసి ఎవలన్న తీసిన్రా ఏంది? మనిషి లేకపోతె గట్లనే అయితది సారూ. నా మంచం ముచ్చట యాదికున్నదా?”

“ఏం మంచం?”

“నేను మొన్న ఇంటికి పోయిన గదా. క్యాంపుల మంచం ఖాళీగ కనవడితె ఇంకొకనికి రాసిస్తరు. అందుకే మా ఊరి స్వామికి జెప్పిపోయిన. నడుమ నడుమ నా మంచం మీద పండు, ఎవలన్న అడిగితె ఇది నర్సింలుది, వాడొస్తడు, నాది జిమ్మ అని జెప్పు అన్న. చెప్పిండు పాపం. మంచిగనే నిలవడ్డడు. గని నేనొచ్చినంక లేస్తలేడు సారూ! ఈ మంచం మెత్తగున్నదంటడు.”

సత్యప్రసాద్‌కి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు, ముక్కులోంచి వచ్చింది. “మరి లేచాడా?”

“యాడ లేశిండు. మంచాలు మార్చుకున్నం. ఏం జేస్తం, ఆయన లేకుంటె అసలు మంచమే లేకపోవు.” గ్లాసు కోసం మళ్ళొస్తానని వెళ్ళిపోయాడు.

టీ తాగుతూ సత్యప్రసాద్ తెరవైపు చూశాడు గానీ చూస్తున్నది తెరని కాదు. వాడొస్తడు, నాది జిమ్మ, అంటే నా పూచీ. ఇంతే కదా. మంచం ఖాళీగా ఉండడం తప్పు కాదు, మంచం ఎవరిదని అడిగినప్పుడు చెప్పేవాడు ఒకడుంటే చాలు. ఈ దేశంలో మనిషి అడుగు పెట్టాలంటేనే ఎవడో ఒకడు వీడు నావాడు, వీడికి నేను పూచీ అని సంతకం పెట్టాలి, ఆ పెట్టినవాణ్ణి కఫీల్ అంటారు, కఫీల్ లేనివాడు వీధిలో నిలబడ్డానికి కూడా లేదు. ఇన్ని వేలమందికి ఇది తెలుసు, రోజూ దీన్ని తిట్టుకుంటూనే బతుకుతున్నారు, మరి ఫైలుకి మాత్రం కఫీల్ ఎందుకు ఉండకూడదు? ఎవరూ తెరవకపోతే తుడిచెయ్యడం కాదు, అడగాలి. ఈ మనిషి తిరిగి వస్తాడని ఎవరు చెబుతారు అని అడగాలి. డ్యూటీలో ఉన్న ఇంకొకడి పేరు పడితే వదిలెయ్యాలి. తనకి తానే పూచీ పడటం కుదరదు, సెలవు మీద ఉన్నవాడి పూచీ చెల్లదు, అతనికే పూచీ కావాలి గనక. అడగాలి. ఇంత చిన్న మాట. అడగకుండా తేల్చెయ్యడమే తప్పు, తెరవకపోవడం కాదు. గ్లాసు కింద పెట్టి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. వేళ్ళు పరిగెత్తాయి. సాయికుమారి ఉంటే ఇవాళ ఏం జరిగిందండీ అన్నప్పుడు చెప్పడానికి ఒకటుండేది.

పాత ప్రోగ్రాంలో ఒక వాక్యం ఎదురొచ్చింది, కంప్యూటరు సెక్షను ఫోల్డర్ల జోలికి వెళ్ళకు అని. సెక్షనంటే ఎవరు, తనే. ఊరందరికీ చీపురు పట్టినవాడు తన గుమ్మం ముందు మాత్రం ఊడవొద్దని రాసుకున్నాడన్నమాట. సిగ్గేసింది. ఆ వాక్యం తీసేశాడు. అదే నిమిషంలో టేపు చప్పుడు మారింది, గొణుగుడు పోయి ఏకధారగా పట్టింది, తల తిప్పి చూస్తే తెర మీద గణపతి, గణపతి, గణపతి, ఒకటి తర్వాత ఒకటి, పైపుల డ్రాయింగులన్నీ వరసగా దిగుతున్నాయి. లేచి నిలబడ్డాడు. ఎవరికి చెప్పాలో తెలియక కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. బయట ఎండకి సముద్రం తెల్లగా, కళ్ళు చిట్లించినా చూడలేనంత తెల్లగా ఉంది. ఒక డ్రాయింగు తెరిచాడు. ఉంది, గీతలన్నీ ఉన్నాయి, మూలన గణపతి పేరు, పక్కన ఎప్పుడూ వేసే చిన్న చేపబొమ్మ. మేనేజరు ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు ఆ చేప. ఇంక ఫరవాలేదు, శనివారం బల్ల మీద ఉంటాయి, ఖలాసూ లేదు గిలాసూ లేదు, గణపతి వస్తాడు, శుక్రవారం చేపల మార్కెట్టు ఉంటుంది.

బాగుచేసిన ప్రోగ్రాంని నడిపించి చూడాలి ఇక. ఇది అసలు పరీక్ష, దొరికినవాటిని మళ్ళీ మింగేస్తే అంతే సంగతులు. నడిపించాడు. గణపతి ఫోల్డరు దగ్గరికి వచ్చి ఆగింది. ఇంతకుముందు ఇక్కడ ఆగేది కాదు, ఊడ్చుకుంటూ పోయేది. ఆగి అడిగింది: ఈ మనిషి తిరిగి వస్తాడని ఎవరు చెబుతారు? సత్యప్రసాద్ తన పేరు కొట్టాడు, ఒక్కో అక్షరం గట్టిగా నొక్కుతూ, పెళ్ళిలో సాక్షి సంతకం పెట్టినంత దర్జాగా. ఒప్పుకుంది. తాళం వేసిన ఫోల్డరు తాళం వేసినట్టే ఉంది, లోపలివన్నీ లోపలే ఉన్నాయి. ఆ పక్క ఫోల్డరుకి వెళ్తుండగా ఫోను మోగింది.

“ప్రసాదూ, నేనే. గదికి చెయ్యలేదులే, సుక్రోరం అయినా నువ్వు ఆఫీసులోనే ఉంటావని తెలుసు.” గణపతి. కాకినాడలో ఏ ఎస్టీడీ బూతులోనించో, వెనక రిక్షా బెల్లులు, ఎవరో చిల్లర అడుగుతున్నారు.

“గణపతిగారూ! ఎప్పుడు దిగుతున్నారు? నేను వస్తాను ఎయిర్‌పోర్టుకి.”

“అదే చెబుదామని. రావట్లేదబ్బాయ్.”

లైనులో సత్యప్రసాద్‌కి తన ఊపిరే వెనక్కి వినిపించింది.

“ఇక్కడ కొత్త పోర్టు కడతన్నారు కదా. అక్కడ కాంట్రాక్టరు డ్రాయింగులు గీసేవాడు కావాలన్నాడు. సైకిలేసుకుని పోయొచ్చేయొచ్చు. మా బుల్లెమ్మ ఒకటే గోల, ఇంకెన్నాళ్ళు, ఎల్లొద్దు ఎల్లొద్దని. భార్య మాట వినాలి కదా, ఆయ్. కంపెనీకి టెలిగ్రాం ఇచ్చేత్తాను. నువ్వు ముందు ఇంటే బావుంటాదని.”

“మంచిదండీ. చాలా మంచిదండీ.”

“నా మంచం అమ్మేసుకో. కుక్కరు నువ్వే ఉంచుకో, దాని రబ్బరు మాత్రం మార్చు. ఇంకేటున్నాయ్... ఆఁ, ఆ డ్రాయింగులు. తాళం ఏసిపెట్టమన్నాను కదా, ఇంక అక్కర్లేదు. ఎవరికైనా పనికొత్తే ఇచ్చెయ్యి, లేకపోతే తుడిపేసెయ్. నీకెందుకు అడ్డం.”

“అలాగేనండీ.”

“నువ్వు కూడా ఓసారి రా అబ్బాయ్. సెలవెట్టి రా. ఎన్నాళ్ళయింది? వత్తే మా ఇంటికే రావాలి... మీటరు తిరిగిపోతంది, ఉంటాను మరి. ఒళ్ళు జాగ్రత్త.”

ఫోను పెట్టేశాక కూడా గణపతి గొంతు చెవిలో కాసేపు వెచ్చగా ఉంది. సంతోషించాలి. సైకిలు మీద పోయి రావడం, సాయంత్రం ఇంటికి పోతే బుల్లెమ్మగారు అన్నం పెట్టడం, అంతకన్నా ఏం కావాలి మనిషికి. సంతోషించాడు కూడా, నిజంగానే. ఆ సంతోషం కింద ఇంకోటి ఉంది, దాన్ని కదపకుండా ఉంటే అది అక్కడే ఉంటుందనుకున్నాడు, ఉండలేదు. ఏం చెయ్యాలో తోచక కుక్కరు రబ్బరు ఎక్కడ దొరుకుతుందా అని ఆలోచించాడు. తుడిపేసెయ్, నీకెందుకు అడ్డం అన్నాడే ఆ మాట. నిన్నటినించీ తిండి మానేసి మూడు టేపులు వెతికాడని చెప్పలేదు, చెబితే అయ్యో నాకోసమా అనేవాడు, అనిపించుకోవడానికి చెప్పినట్టుండేది. గణపతి ఫోల్డరు మీద తన పూచీ అలాగే ఉంది. తీసెయ్యబుద్ధి కాలేదు. రేపు మేనేజరుకి ఓడ పైపులు కావాలి, ఎలాగూ ఉండాలి, అందుకని ఉంచాను అని తనకి తాను చెప్పుకున్నాడు.

తెర మీద ప్రోగ్రాం అతనికోసం ఆగి ఉంది. ఇంకో ఫోల్డరు దొరికింది దానికి, ఏళ్ళుగా ఎవరూ తెరవనిది. పేరు చూసి మొదట ఇదేదో పొరపాటనుకున్నాడు. సత్యప్రసాద్. ఆలోచిస్తే పొరపాటేం లేదు. రోజూ కంప్యూటర్లో సూపర్‌వైజర్ పేరుతో లోపలికి వెళ్ళి ఆ పేరుతోనే బయటికి వస్తాడు, తన సొంత పేరుతో ఉన్న దాంట్లోకి అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో, అందులో ఏముందో కూడా గుర్తులేదు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క వాక్యం అడ్డం నిలబడి కాపాడింది, దాన్ని ఇందాకే తీసేశాడు. ఈ మనిషి తిరిగి వస్తాడని ఎవరు చెబుతారు? అలవాటుగా తన పేరే కొట్టాడు. ఒప్పుకోలేదు. తనకి తాను పూచీ కుదరదు, నిజమే. గణపతి అని కొట్టాడు. సెలవు మీద ఉన్నవాడి పూచీ చెల్లదు. అదీ నిజమే, సెలవు కూడా కాదు ఇప్పుడు. ఇంకెవరు? మేనేజరా, అతనికి తన ముఖం కన్నా ప్రింటరు ముఖం బాగా గుర్తు. అకౌంట్స్ ఆయన మంచివాడే, అడిగితే సరే అంటాడు, కానీ తను వస్తాడని ఆయనకెలా తెలుసు, ఎప్పుడైనా టీ తాగుదాం రండి అని పిలిచాడా తను. నర్సింలుకి కంప్యూటర్లో పేరే లేదు. ఈ ద్వీపంలో ఇన్ని వేల కిటికీలు, ఇన్ని ఫోన్లు, ఒక్కో పేరూ తలుచుకుంటూ పోయాడు, పేర్లు ఎంతసేపూ పట్టలేదు. ఎవరో ఒకరి పేరు కొట్టేస్తే సరిపోతుంది, యంత్రమేం వెళ్ళి కనుక్కోదు. చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళింది. దొంగ పూచీ పెట్టబుద్ధి కాలేదు. ఖాళీగా వదిలేసి నొక్కాడు.

యంత్రం ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పూచీ ఎవరూ లేరు, మూసివేయడమైనది, అంది. సత్యప్రసాద్ ఆ వరసని రెండుసార్లు చదివాడు. వెతికాడు, రాసినవాడు కదా, ఎక్కడైనా తప్పుందేమోనని పై వరసనించి కింది వరసదాకా జాగ్రత్తగా వెతికాడు. ఎక్కడా తప్పు లేదు. కాగితం తీసుకుని మేనేజరుకి రెండు ముక్కలు రాశాడు: డ్రాయింగులు దొరికాయి, ప్రోగ్రాం బాగుచేశాను, పరీక్షించి చూశాను, ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది. కింద సంతకం పెట్టాడు.